తాళంచెవితో ఆగని మూర్ఛ

ఫిట్స్ వచ్చి పడిపోయిన మనిషి గుప్పిట్లో తాళాలగుత్తిని గాని, ఏదో ఒక ఇనుప ముక్కను గాని పెట్టాలన్న నమ్మకం తెలుగునాట ఎంత లోతుగా నాటుకుపోయిందంటే, దానిమీద గురి లేని చదువుకున్నవాళ్లు సైతం ఆ క్షణంలో జేబులోని బండి తాళం తీసి అందించడానికి వెనుకాడరు. ఎందుకని అడిగితే వచ్చే జవాబు దాదాపు అందరి నోటా ఒకటే: పనిచేస్తే మంచిదే, పనిచేయకపోయినా పోయేదేమీ లేదు. ఈ వ్యాసం ఖండించదలచినది ముఖ్యంగా ఆ జవాబులోని రెండో సగాన్ని. తాళం మూర్ఛను ఆపదన్నది వైద్యశాస్త్రంలో చర్చకు కూడా మిగలని విషయం. కాని అది నిరపాయకరమైన ఆచారమన్న మాట మాత్రం ఇప్పటికీ చెల్లుబాటవుతూనే ఉంది, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో కథలుగా రూపుదిద్దుకొని ఊరూరి తెరకూ చేరే దృశ్యాలు ఆ మాటకు ఏళ్ల తరబడి బలం చేకూరుస్తూనే ఉన్నాయి.

ముందుగా మాట సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ విషయంలో తెలుగువారి తికమకలో కొంత మాటలోనే ఉంది. 'మూర్ఛ' అన్న పదం తెలుగులో రెండు వేరువేరు స్థితులను కలిపి మోస్తున్నది. దుర్వార్త విని కథానాయిక కుప్పకూలడం, ఎండలో నిలబడ్డ విద్యార్థి సొమ్మసిల్లడం, యుద్ధకాండలో లక్ష్మణుడు స్పృహ తప్పడం అన్నీ మూర్ఛలే. మెదడులోని నాడీకణాలు ఒక్కసారిగా అదుపు తప్పి, లెక్కకు మించి విద్యుత్ సంకేతాలు పంపడంవల్ల శరీరం బిగుసుకొని కొట్టుకోవడం కూడా మూర్ఛే. మొదటిది చాలావరకు మెదడుకు రక్తం కొద్దిసేపు తగ్గడంవల్ల వచ్చే సొమ్మ, రెండోది మెదడులోనే పుట్టే ఉద్రేకం. ఈ రెండో స్థితి జ్వరం, రక్తంలో చక్కెర పడిపోవడం వంటి తక్షణ కారణమేదీ లేకుండా, కనీసం ఒక రోజు ఎడంతో రెండుసార్లు వస్తే, లేదా ఒకసారే వచ్చినా మళ్లీ వచ్చే అవకాశం బాగా ఎక్కువని పరీక్షల్లో తేలితే దాన్ని ఎపిలెప్సీ అంటారు. ఆయుర్వేదం దీన్ని అపస్మారమన్నది, అంటే స్మృతి తొలగిపోవడం. చరకసంహిత దీన్ని ఉన్మాదం నుంచి వేరుచేసి, నిదానస్థానంలోనూ చికిత్సాస్థానంలోనూ ప్రత్యేక అధ్యాయాలు కేటాయించి, దోషాలనుబట్టి వర్గీకరించింది. గ్రీకుదేశంలో క్రీస్తుపూర్వం 400 ప్రాంతంలో హిపోక్రటీసు సంప్రదాయానికి చెందిన గ్రంథం ఇది మిగతా జబ్బులకంటే పవిత్రమైనదేమీ కాదని, దీని మూలం మెదడులోనే ఉందని వాదించింది. రెండున్నర వేల ఏళ్ల కిందట కుదిరిన ఈ ఎరుకను మన కాలపు తెర మరిచిపోవడం మామూలు లోపం కాదు.

తాళం పనిచేసినట్టు ఎందుకు కనిపిస్తుందో అర్థం కావాలంటే, శరీరమంతటికీ వ్యాపించే మూర్ఛ ఎలా నడుస్తుందో వరుసగా చూడాలి. మొదట ఒళ్లంతా కొయ్యబారుతుంది. ఛాతీ కండరాలు బిగుసుకోవడంతో లోపలి గాలి స్వరపేటికగుండా బలంగా బయటికి వచ్చి ఒక్కోసారి పెద్ద కేక వినిపిస్తుంది, దానికి నొప్పితో గాని భయంతో గాని సంబంధం లేదు. పది ఇరవై సెకన్లు సాగే ఈ బిగింపు దశలో శ్వాస సరిగా ఆడక పెదవులు నీలం తిరుగుతాయి, పిడికిళ్లు గట్టిగా మూసుకుంటాయి. ఆ తరువాత కాళ్లూ చేతులూ లయగా కొట్టుకోవడం మొదలవుతుంది. మింగడం కుదరని లాలాజలం నురగై పెదవుల అంచున చేరుతుంది, నాలుక పళ్లమధ్య పడితే అందులో నెత్తురు కలుస్తుంది. కుదుపుల మధ్య ఎడం పెరుగుతూ పెరుగుతూ, చాలా సందర్భాల్లో రెండు మూడు నిమిషాల్లోపే మెదడు తనంతట తానుగా ఆ ఉద్రేకాన్ని అణచుకుంటుంది. అప్పుడు పిడికిలి సడలుతుంది, శ్వాస గురకగా మారుతుంది, మనిషి మత్తులోకి జారుకుంటాడు.

ఇప్పుడు చుట్టూ ఉన్నవాళ్ల వైపునుంచి అదే రెండు నిమిషాలను చూడాలి. మనిషి పడ్డాడని గ్రహించడానికి కొన్ని సెకన్లు, 'తాళాలు, తాళాలు' అని ఎవరో అరవడానికి మరికొన్ని, జేబులు తడుముకోవడానికి, బిగిసిన వేళ్లను విప్పి గుత్తిని దూర్చడానికి ఇంకొంత సమయం పడుతుంది. అంటే తాళం గుప్పిట్లోకి చేరేసరికి మూర్ఛ సగానికి పైగా నడిచిపోయి ఉంటుంది. అది ముగిసే వేళకు తాళం చేతిలో ఉంటుంది. చూసినవాళ్ల మనసులో మాత్రం తాళం పెట్టాక ఆగిందన్న వరుస మిగిలిపోతుంది. కాకి వాలిన క్షణంలోనే తాటిపండు రాలితే కాకివల్లే రాలిందనుకోవడాన్ని మన తర్కశాస్త్రం కాకతాళీయమన్నది. తాళంచెవి వైద్యం ఆ న్యాయానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదనిపించేంత నికార్సైన కాకతాళీయం. మూర్ఛ ఆగకుండా సాగిన సందర్భాల్లో ఇనుము సరైనది కాదనో, ఆలస్యంగా పెట్టారనో సరిపెట్టుకుంటారు కాబట్టి, ఈ నమ్మకం ఎప్పుడూ ఓడిపోదు.

అయితే పోయేదేముందన్న ప్రశ్నకు సమాధానం కూడా ఆ రెండు నిమిషాల్లోనే ఉంది. పడిపోయిన మనిషికి ఆ సమయంలో చేయగలిగిన మేలు కొద్దిదే అయినా ఎంతో విలువైనది: తల కింద మెత్తని గుడ్డ పెట్టడం, తలకు తగిలే వస్తువులను తీసేయడం, మెడ దగ్గర బొత్తాం విప్పడం, గడియారం చూడడం, వీలుకాగానే పక్కకు తిప్పి నురగ బయటికి కారేట్టు చేయడం. తాళం కోసం వెదికే గుంపులో ఈ అయిదు పనుల్లో ఒక్కటీ జరగదు. ఒక చిత్రీకరణ స్థలాన్నే తీసుకుంటే, రాత్రి కాల్షీట్‌లో రెండు గంటల వేళ జనసమూహపు దృశ్యానికి నిలబడిన జూనియర్ ఆర్టిస్టు ఒకరు సిమెంటు నేలమీద పడ్డారనుకుందాం. చుట్టూ లైట్ స్టాండ్ల ఇనుపకాళ్లు, కేబుళ్లు, ట్రాలీ పట్టాలు ఉంటాయి. ప్రొడక్షన్ బాయ్ వ్యాన్ తాళం కోసం డ్రైవర్ దగ్గరికి పరుగెత్తుతాడు. ఇద్దరు భుజాలు నొక్కిపెడతారు, ఒకరు కాళ్లమీద కూర్చుంటారు, ఇంకొకరు నాలుక మింగేస్తాడన్న భయంతో పళ్లమధ్య చెంచా దూర్చబోతారు. ఈ హడావుడిలో తల మాత్రం స్టాండ్ కాలికి అంగుళం దూరంలో కొట్టుకుంటూనే ఉంటుంది. మనిషి వెల్లకిలానే ఉంటాడు, నురగ గొంతువైపు జారుతుంది, ఎన్ని నిమిషాలైందని ఆసుపత్రిలో అడిగితే ఒక్కరూ చెప్పలేరు.

ఇందులో ప్రతి పనికీ దాని హాని ఉంది. కండరాలు తమ పూర్తి బలంతో సంకోచిస్తున్నప్పుడు అవయవాలను అదిమిపట్టడం వల్ల కీళ్లు తొలగవచ్చు, ఎముకలు విరగవచ్చు. బిగిసిన పిడికిలిలోకి తోసిన తాళంచెవి అరచేతిని కోస్తుంది. నాలుకను మింగడం శరీర నిర్మాణంరీత్యా అసాధ్యం, చెంచా దూర్చడం వల్ల మాత్రం పళ్లు విరిగి శ్వాసమార్గంలో పడే ప్రమాదం, దూర్చినవారి వేలు తెగే ప్రమాదం నిజంగా ఉన్నాయి. ముఖాన నీళ్లు కొట్టడం, నోట్లో నీళ్లు పోయడం సొమ్మకు చేసే ఉపచారాన్ని మూర్ఛకు చేయడమే. మింగలేని మనిషి నోట్లో పోసిన నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చెప్పు, ఉల్లిపాయ వాసన చూపించడం స్పృహ లేని మనిషి ముక్కును మూయడం తప్ప మరేమీ సాధించదు.

ఇంతకంటే పెద్ద హాని మరొకటి ఉంది, అది మూర్ఛ ఆగాక మొదలవుతుంది. ఇనుమే ఎందుకన్న ప్రశ్న వేసుకుంటే ఆ హాని స్వరూపం తెలుస్తుంది. బాలింత మంచం దగ్గర ఇనుప ముక్క ఉంచడం, పసిబిడ్డ తలాపున కత్తో మేకో పెట్టడం తెలిసిన సమాజానికి ఇనుము దేనికి విరుగుడో వేరే చెప్పనక్కర్లేదు. గాలీ ధూళీ దరిచేరకుండా ఉండడానికే అది. కనుక గుప్పిట్లో తాళం పెట్టిన ప్రతిసారీ ఈ మనిషికి సోకింది జబ్బు కాదన్న మాట నలుగురి ఎదుటా నోరు విప్పకుండానే ప్రకటితమవుతున్నది. ఆ మాట విన్న కుటుంబం మరునాడు నాడీవైద్యుడి దగ్గరికి కాకుండా తాయెత్తు కట్టేవారి దగ్గరికి వెళ్తే తప్పు కేవలం ఆ కుటుంబానిదే ఎలా అవుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ప్రపంచమంతటా సుమారు 5 కోట్ల మందికి ఎపిలెప్సీ ఉంది, వారిలో దాదాపు 80 శాతం మంది అల్పాదాయ, మధ్యాదాయ దేశాలవారే, సరైన రోగనిర్ధారణ, చికిత్స అందితే 70 శాతం వరకు మూర్ఛలు లేకుండా బతకగలరు. తాళంచెవి దూరం చేస్తున్నది ఆ 70 శాతంలో చేరగలిగే అవకాశాన్ని.

చిత్రపరిశ్రమ తరఫున వినిపించే వాదం ఒకటి ఇక్కడ పరిశీలించదగినది. సమాజంలో ఉన్నదాన్నే సినిమా చూపిస్తుంది, బయట మనుషులు తాళాలు పెడుతున్నారు గనుక తెరమీద పాత్రలూ పెడతాయి, సినిమా ఆరోగ్యపాఠం కాదు గదా అని ఆ వాదం. పైకి సబబుగానే కనిపించే ఈ మాట రెండు కారణాలవల్ల నిలవదు. మొదటిది, తెరమీది దృశ్యం జరిగినదాన్ని చూపి ఊరుకోదు, ఫలితాన్ని కూడా తానే నిర్ణయిస్తుంది. కథానాయకుడు తాళం పెట్టగానే కుదుపులు ఆగిపోతే అక్కడ జరిగింది ప్రతిబింబించడం కాదు, ధ్రువీకరించడం. రచయిత తలచుకుంటే ఆ పాత్ర తాళాన్ని పక్కన పెట్టి మనిషిని ఒత్తిగిలించవచ్చు. దానికి పట్టే నిడివి అంతే, నాటకీయత తగ్గేదీ లేదు. రెండోది, తెలుగు ప్రేక్షకుడు కట్టూబొట్టూ దగ్గరనుంచి మాటతీరు దాకా తెరనుంచి నేర్చుకుంటాడని పరిశ్రమే గర్వంగా చెప్పుకుంటుంది; మంచికి ఉన్న ఆ ప్రభావం పొరపాటుకు లేదనడం చెల్లదు. ధూమపాన దృశ్యాలకు ఆరోగ్య హెచ్చరిక తప్పనిసరి చేస్తూ 2012లో వచ్చిన నిబంధన వెనుక ఉన్న ఆలోచన కూడా తెరకు ప్రభావం ఉందన్నదే. మూర్ఛ దృశ్యానికి హెచ్చరిక వేయమని ఎవరూ అడగడం లేదు, దృశ్యాన్ని సరిగా రాయమని మాత్రమే అడుగుతున్నారు.

ఈ తాళంచెవి నమ్మకానికి తోబుట్టువు లాంటి అభిప్రాయం మరొకటి పరిశ్రమలో ఉంది: ఫిట్స్ ఉన్న మనిషి సినిమాకు పనికిరాడు, ఉన్నా బయటపెట్టకూడదు. తెల్లవారకముందే కృష్ణానగర్ కూడళ్లలో బస్సుకోసం నిలబడే జూనియర్ ఆర్టిస్టులకు, లైట్‌మెన్‌కు, రోజుకూలీ మీద ఆధారపడ్డ ఇరవై నాలుగు శాఖల కార్మికులకు ఈ అభిప్రాయం అన్నం దగ్గరి సమస్య. తెలిస్తే రేపు పిలవరన్న భయంతో జబ్బును దాస్తారు, దాచడం కోసం సెట్లో మాత్ర వేసుకోరు, మాత్ర తప్పినందువల్లే మూర్ఛ వస్తుంది. ఎపిలెప్సీ ఉన్నవారిలో మూర్ఛను ప్రేరేపించే వాటిలో ముందు వరుసలో ఉండేవి మందు తప్పడం, నిద్ర చాలకపోవడం, మద్యం. పగటి కాల్షీట్ మీద రాత్రి కాల్షీట్ కలిపే పనిపద్ధతిలో మొదటి రెండూ ఒకేచోట కలుస్తాయి. కనుక నిందించవలసినది మనిషి అర్హతను కాదు, అతడి నిద్రను లెక్కలోకి తీసుకోని ఏర్పాటును.

పెద్ద దీపాల వెలుగు ఫిట్స్ తెస్తుందన్న మాట కూడా తరచు వినిపిస్తుంది. మినుకుమనే వెలుగుకు మూర్ఛ వచ్చే రకం ఉన్నమాట వాస్తవం. 1997 డిసెంబరు 16న జపాన్ టెలివిజన్‌లో పోకెమాన్ కార్టూన్ ప్రసారమైనప్పుడు ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మారే దృశ్యంవల్ల సుమారు 685 మంది, ఎక్కువగా పిల్లలు, ఆసుపత్రుల పాలయ్యారు. కాని ఎపిలెప్సీ ఉన్నవారిలో వెలుగుకు ఇలా స్పందించేవారు 3 శాతం మాత్రమే, అదీ సెకనుకు మూడు మొదలు ముప్పైసార్లు దాకా మినుకుమనే వెలుగుకు. సెట్లో స్థిరంగా వెలిగే దీపం వారికి కూడా సాధారణంగా ప్రమాదకరం కాదు. పాటల చిత్రీకరణలో స్ట్రోబ్ దీపాలు వాడేముందు యూనిట్‌కు ఒక మాట చెప్పడం చాలు.

అన్ని పనులూ అందరికీ తగినవని వాదించడం నిజాయితీ అనిపించుకోదు. మూర్ఛలు అదుపులోకి రాని మనిషి ఎత్తైన పరంజా ఎక్కడం, రోప్ కట్టుకొని దూకడం, ఒంటరిగా నీళ్లలో దిగడం తగదు. డ్రైవింగ్ లైసెన్స్ దరఖాస్తులోనే ఎపిలెప్సీ ఉందా అని అడుగుతారు, ఆ ప్రశ్నకు తగిన కారణం ఉంది. అయితే ఈ కొన్ని పనులు పోగా మిగిలే పరిశ్రమ ఎంత పెద్దదో చూడాలి: రచన, కూర్పు, శబ్దం, దుస్తులు, అలంకరణ, గ్రాఫిక్స్, నటన. హిందీ నటి ఫాతిమా సనా షేక్ 'దంగల్' కోసం శిక్షణ పొందుతున్న కాలంలో తనకు ఎపిలెప్సీ ఉన్నట్టు తేలిందని 2022 నవంబరులో బహిరంగంగా చెప్పారు, చెప్పు వాసన చూపించడం అపోహ అని కూడా చెప్పారు. ఆ తరువాత 'సామ్ బహాదుర్'లో ఇందిరా గాంధీ పాత్ర పోషించారు. క్రికెట్ తెలిసిన తెలుగువారందరూ మెచ్చే ఫీల్డర్ జాంటీ రోడ్స్‌కు, ఇంగ్లండ్ కెప్టెన్‌గా ఆడిన టోనీ గ్రెగ్‌కు ఉన్నది ఇదే జబ్బు. తెలుగు పరిశ్రమలో అలా చెప్పుకోవడానికి జంకే పరిస్థితి ఉంటే, ఆ జంకు పుట్టించినవారే దాన్ని పోగొట్టవలసి ఉంటుంది.

ఈ దాపరికానికి ఒకప్పుడు చట్టమే తోడ్పడింది. హిందూ వివాహ చట్టానికి 1976లో జరిగిన సవరణ పదేపదే వచ్చే ఉన్మాదంతోపాటు ఎపిలెప్సీని కూడా వివాహానికి అడ్డంకిగా చేర్చింది. 1999లో మరో సవరణతో ఆ మాటను తొలగించారు. చరకుడు ఏనాడో విడదీసిన రెంటిని చట్టం ఇరవై మూడేళ్లపాటు కలిపి ఉంచిందన్నమాట. చట్టం తన తప్పు దిద్దుకొని పాతికేళ్లు దాటినా పెళ్లిచూపుల ఇంట్లో ఆ సవరణ ఇంకా అమలులోకి రాలేదు.

చికిత్స సంగతి కొస్తే, ఈ ప్రాంతానికి సాకు లేదు. 1988లో జూబ్లీహిల్స్‌లో మొదలైన అపోలో ఆసుపత్రి ఫిల్మ్‌నగర్‌ను ఆనుకొనే ఉంది. పంజాగుట్టలోని నిమ్స్ కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉంది, అక్కడ ఎపిలెప్సీకి శస్త్రచికిత్స కూడా చేస్తారు. మన దేశంలో మూర్ఛలకు ముఖ్యకారణాల్లో ఒకటి బద్దెపురుగు గుడ్లు కలుషితమైన నీటితో, కడగని కూరలతో కడుపులోకి చేరి, వాటి పిల్లపురుగులు మెదడులో తిత్తులు కట్టడం. మాంసం ముట్టనివారికి కూడా వచ్చే ఈ జబ్బు స్కానింగ్‌లో బయటపడుతుంది, మందులకు లొంగుతుంది. 2000లో ప్రచురితమైన గ్లాస్గో అధ్యయనంలో అంతకుముందు ఏ మందూ వాడని 470 మందికి చికిత్స మొదలుపెడితే 47 శాతం మందికి మొదటి మందుతోనే మూర్ఛలు ఆగిపోయాయి. ఫిట్స్ రావడం లేదు గదా అని ఆ మందును సొంతంగా హఠాత్తుగా మానేయడం మాత్రం మూర్ఛలు ఆగకుండా వచ్చే స్థితికి దారితీయగలదు.

చేయవలసినదాన్ని తెలిసినవారు చేస్తే ఎంత నిశ్శబ్దంగా జరుగుతుందో గమనించదగినది. ఒకరు గడియారం చూస్తారు, ఒకరు మడిచిన దుప్పటి తల కింద పెడతారు, సహాయ దర్శకుడు గుంపును వెనక్కి పంపుతాడు. కుదుపులు తగ్గగానే మనిషిని ఎడమవైపుకో కుడివైపుకో తిప్పుతారు. తేరుకున్నాక కాసేపు ఎక్కడ ఉన్నదీ తెలియని అయోమయం ఉంటుంది గనుక పట్టి ఆపకుండా, మెల్లగా పేరు పెట్టి పలకరిస్తూ పక్కన ఉంటారు, పూర్తి స్పృహ వచ్చేదాకా నీళ్లు కూడా ఇవ్వరు. కెమెరా తెలిసిన పరిశ్రమ చేయగల ప్రత్యేకమైన మేలు ఒకటి ఉంది: మూర్ఛ ఎటువైపు చేతిలో మొదలైంది, కళ్లు ఎటు తిరిగాయి అన్నది వైద్యుడికి రోగనిర్ధారణలో ఎంతో పనికొస్తుంది కాబట్టి, సాయం చేసేవారు చేస్తుండగా మరొకరు ఫోనులో ఆ నిమిషాన్ని రికార్డు చేసి, కుటుంబానికి తప్ప ఇంకెవరికీ చేరనివ్వకుండా అప్పగించవచ్చు.

ఫిల్మ్‌నగర్ కథా చర్చల గదుల్లో కూర్చునే రచయితలకు, సెట్ల బాధ్యత మోసే ప్రొడక్షన్ మేనేజర్లకు ఈ వ్యాసం చేసే విన్నపం చిన్నది. తరువాత రాయబోయే మూర్ఛ దృశ్యంలోనుంచి తాళాన్ని తీసేయండి. కాల్షీట్ కాగితం వెనుక ఒక్క వాక్యం అచ్చు వేయించండి: మూర్ఛ 5 నిమిషాలు దాటినా, తేరుకోకముందే మళ్లీ వచ్చినా, మొదటిసారి వచ్చినా, పడినవారు గర్భవతి అయినా, దెబ్బ తగిలినా, నీళ్లలో వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆ అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది కూడా ఈ హైదరాబాదులోనే.